తలకు రెండు డాలర్లు... బడి తరఫున కోర్టు ఖర్చు

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఏథెన్స్ కౌంటీలో ఒక ప్రాథమిక పాఠశాల భవనం కొండవాలు మీద నెలకు ఒక అంగుళం చొప్పున కిందికి జారుతూ ఉండేది. ఇంకో బడిలో బొగ్గు మండించి గదులు వెచ్చబెట్టేవారు. రాత్రంతా రాలిన బొగ్గుపొడి తెల్లారేసరికి పిల్లల బల్లల మీద పేరుకునేది. బ్యాండు నేర్చుకునే పిల్లలకు వేరే గది లేక, ఒకప్పుడు బొగ్గు నిలవచేసిన, గాలి ఆడని కొట్టులో సాధన చేయించేవారు. తలనొప్పి అని పిల్లలు మొరపెట్టుకునేవారు. ఇవి ఏ పత్రికో రాసిన కథనాలు కావు. 1997 మార్చి 24న ఒహాయో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో నమోదైన సంగతులు.

పిల్లల బల్ల మీది బొగ్గుపొడి రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పులోకి ఎలా ఎక్కింది? ఎవరో లాయరును పెట్టాలి. ఎవరో సాక్షులను తీసుకురావాలి. ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగాలి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? ఈ పేజీ చదివే మనలో చాలామందికి బడి కష్టాలు కొత్త కాదు, కోర్టు అనే మాటా కొత్త కాదు. ఖర్చు మాట వచ్చేసరికే గొంతు తడారుతుంది. అందుకే ఆ పరాయి దేశపు లెక్క ఒకసారి విప్పి చూడటం మంచిది.

జిల్లా అంటే జిల్లా కాదు

ముందుగా ఒక మాట. అమెరికాలో ‘స్కూల్ డిస్ట్రిక్ట్’ అంటే మన రెవెన్యూ జిల్లా కాదు, జిల్లా విద్యాధికారి కార్యాలయమూ కాదు. ఒక ఊరికో, నాలుగైదు ఊళ్లకు కలిపో సర్కారు బడులు నడిపే స్థానిక సంస్థ అది. మన పంచాయతీకి ఉన్నట్టే చాలాచోట్ల ఓట్లతో ఎన్నికైన బోర్డు దానికి ఉంటుంది. ఇళ్ల మీద, స్థలాల మీద వచ్చే పన్నులో వాటా ఉంటుంది. సొంత పేరు మీద ఒప్పందం చేసుకోగలదు, దావా వేయగలదు. అంటే సర్కారు బడే సర్కారును కోర్టుకు ఈడ్చగలదు. మనకు వింతగా తోచేది ఇదే.

గొడవకు మూలం ఆస్తిపన్ను. పెద్ద పెద్ద ఇళ్లు, కర్మాగారాలు ఉన్న ఊళ్లో తక్కువ రేటు పన్నుతోనే బడికి బోలెడు డబ్బు. గనులు మూతపడ్డ కొండ ఊళ్లో జనం ఎక్కువ రేటు కట్టినా వచ్చేది అంతంత మాత్రం. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోకు చెందిన తల్లిదండ్రులు ఈ తేడా అన్యాయమని దేశ సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1973లో 5–4 తేడాతో ఓడిపోయారు. చదువు అనేది దేశ రాజ్యాంగం హామీ ఇచ్చిన ప్రాథమిక హక్కు కాదని కోర్టు తేల్చింది. ఆ తలుపు మూసుకోవడంతో అందరూ రాష్ట్రాల రాజ్యాంగాల వైపు తిరిగారు. ఎందుకంటే ఆ రాష్ట్ర రాజ్యాంగాల్లో బడి గురించి ఏదో ఒక వాక్యం ఉంటుంది. ఒహాయో రాజ్యాంగంలో 1851 నుంచీ ఉంది: రాష్ట్రమంతటా సమగ్రమైన, సమర్థమైన ఉమ్మడి పాఠశాలల వ్యవస్థను శాసనసభ ఏర్పాటు చేయాలని. ఆ రెండు విశేషణాల మీదే తర్వాత పుష్కరకాలం వాదన నడిచింది.

ముందు అయిదు, వెనక అయిదు వందలు

1991 డిసెంబరులో పెర్రీ కౌంటీలో దావా పడింది. ఒక విద్యార్థి ఇంటిపేరు మీద అది ‘డిరాల్ఫ్ కేసు’ అయింది. అందులో కక్షిదారులుగా నిలబడ్డ స్కూల్ డిస్ట్రిక్టులు అయిదే. లైమా, యంగ్స్‌టౌన్ వంటి పట్టణాలు రెండు, మిగతావి పల్లె ప్రాంతాలవి. అయితే ఆ అయిదింటి వెనక ఒక కూటమి ఉంది. విద్యాశాఖలో ఉన్నతాధికారిగా పనిచేసిన విలియం ఫిలిస్ దాన్ని నడిపించారు. రాష్ట్రంలో 600కు పైగా డిస్ట్రిక్టులు ఉంటే, 500కు పైగా అందులో చేరాయి. తలా కొంత చందా వేసుకున్నాయి.

ఈ ఏర్పాటులో ఉన్న తెలివి గమనించండి. ఒక చిన్న బడి ఒక్కటే వెళ్లి ప్రభుత్వం మీద దావా వేస్తే ఏమవుతుంది? మరుసటి ఏడాది గ్రాంటు ఆలస్యమవుతుందేమో అన్న భయం ఆ బోర్డును తినేస్తుంది. మొదటి వాయిదాకే డబ్బు అయిపోతుంది. ప్రభుత్వానికి అలాంటి చింత లేదు. దాని లాయర్లు జీతాల మీద ఉంటారు, అవసరమైతే బయటి నుంచి పెద్ద లాయర్లనూ తెచ్చుకుంటారు. ఆ జీతమూ, ఆ ఫీజూ జనం పన్నులే. పదేళ్లు సాగదీసినా ప్రభుత్వానికి అలుపు రాదు. 500 బోర్డులు చేతులు కలిపినప్పుడు మాత్రం ఫలానా బడి మీద కక్ష కట్టడం కుదరదు. పదేళ్లు సాగదీసినా చందా ఆగదు. నా దృష్టిలో ఉమ్మడి నిధి ఇచ్చేది గెలుపు కాదు, ఓపిక.

డబ్బు దేనికి ఖర్చయింది అన్నదీ చూడాలి. లాయరు ఫీజు అందులో ఒక భాగమే. 1993లో కింది కోర్టులో 30 రోజుల పాటు విచారణ జరిగింది. ప్రధానోపాధ్యాయులు, ఉపాధ్యాయులు, పిల్లలు, విద్యా ఖర్చుల లెక్క తెలిసిన నిపుణులు బోనెక్కారు. కట్టడాల సర్వే నివేదికలు కోర్టు ముందుకు వచ్చాయి. రాష్ట్రం స్వయంగా 1990లో చేయించిన సర్వేయే బడులకు ఎక్కువ అక్కరకొచ్చింది. మరమ్మతులకు, కొత్త కట్టడాలకు 1,020 కోట్ల డాలర్లు కావాలని ఆ సర్వే తేల్చింది. సంతృప్తికరంగా ఉన్న పైకప్పులు నూటికి 31, వెచ్చబెట్టే ఏర్పాట్లు నూటికి 17. ప్రభుత్వం రాసుకున్న కాగితమే ప్రభుత్వం మీద సాక్ష్యమైంది. ఆ కాగితాన్ని వెతికి, చదివి, కోర్టుకు అర్థమయ్యేలా అమర్చడానికి కొన్ని నెలల పని పడుతుంది. ఉమ్మడి నిధి కొన్నది ఆ పనిని.

తీర్పు 4–3తో బడుల పక్షాన వచ్చింది. అంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటు. 2000లో మళ్లీ, 2001లో మళ్లీ, 2002 డిసెంబరులో నాలుగోసారి. నిధుల విధానం రాజ్యాంగ విరుద్ధమే అని చివరిసారి కూడా కోర్టు చెప్పింది. అయితే ఎప్పటిలోగా సరిచేయాలో గడువు పెట్టలేదు. మరుసటి ఏడాది కేసు మూసేసింది. దావా వేసినప్పుడు హైస్కూల్లో ఉన్న పిల్లలు అప్పటికి ఉద్యోగాలు చేసుకుంటున్నారు.

మరి ఒరిగిందేమిటి? నిధుల పంపకం సంగతి అటుంచితే, కట్టడాల విషయంలో చాలానే ఒరిగింది. మొదటి తీర్పు వచ్చిన 1997లోనే పాఠశాల భవనాల కోసం రాష్ట్రం ప్రత్యేక కమిషన్ పెట్టింది. ఆ తర్వాతి ఏళ్లలో రాష్ట్రమంతటా వందల బడులు కొత్తగా లేచాయి, పాతవి బాగుపడ్డాయి. కోర్టు చెప్పిన దాంట్లో సగం కూడా జరగలేదని కూటమివాళ్లు ఇప్పటికీ అంటారు. వాళ్ల మాటను నేను కాదనను. కానీ పిల్లల తలమీద కప్పు నిలబడటం చిన్న లాభం కాదు.

బడికి రాని ఇంటి భాష

ఈ పేజీ పాఠకులకు ఒహాయో కంటే దగ్గరగా తోచే కథ కాన్సాస్‌ది. ఆ రాష్ట్రానికి పడమటి వైపు డాడ్జ్ సిటీ అనే ఊరుంది. పాత కౌబాయ్ సినిమాల్లో ఆ పేరు విని ఉంటారు. ఇప్పుడు ఆ ఊరికి బతుకుతెరువు పశుమాంసం శుద్ధిచేసే పెద్ద కర్మాగారాలు. వాటిలో పనికి మెక్సికో నుంచి, మధ్య అమెరికా దేశాల నుంచి కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. బడిలో పిల్లలు పెరిగారు, ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలు మరీ పెరిగారు. వాళ్లకు పాఠం చెప్పడానికి అదనపు ఉపాధ్యాయులు కావాలి, వేరే సామగ్రి కావాలి. ప్రభుత్వం ఇచ్చే తలసరి నిధిలో ఈ అదనపు ఖర్చుకు లెక్క చాలీచాలనట్టు ఉండేది.

1999లో డాడ్జ్ సిటీ, శలైనా అనే రెండు మధ్యతరహా డిస్ట్రిక్టులు కొందరు విద్యార్థులతో కలిసి దావా వేశాయి. ‘మాంటోయ్ కేసు’ అంటారు. వీటి వెనక ‘స్కూల్స్ ఫర్ ఫెయిర్ ఫండింగ్’ అనే కూటమి నిలిచింది. ఎన్ని వేల మంది పిల్లలుంటే ఆ మేరకు చందా కట్టే డిస్ట్రిక్టులే అందులో సభ్యులు. 2005 జనవరిలో కాన్సాస్ సుప్రీంకోర్టు బడుల పక్షాన తీర్పు చెప్పింది. శాసనసభ ఇచ్చింది చాలదని ఆ ఏడాది జూన్‌లో మళ్లీ ఆదేశించింది. చివరికి ప్రత్యేక సమావేశం పెట్టుకుని సభ మరో 14.8 కోట్ల డాలర్లు కేటాయించింది.

ఇక్కడ ఒక చిన్న అంకె గురించి ఆగి చెప్పాలి. కాన్సాస్ నిధుల సూత్రంలో ఒక్కో పిల్లవాడిని ‘1’గా లెక్కిస్తారు. రెండు భాషల బోధన అవసరమైన పిల్లలకు దానికి కొంత కలుపుతారు. ఆ కలిపేది 0.2గా ఉండేది. 2005లో దాన్ని 0.395కు పెంచారు. దాదాపు రెట్టింపు. వేరే భాష మాట్లాడే పిల్లవాడికి చదువు చెప్పడం ఖరీదైన పని అని ఒక రాష్ట్రం తన చట్టంలో అంకె రూపంలో ఒప్పుకుంది. మన దగ్గర ఒక భాషా అల్పసంఖ్యాక పాఠశాలకు పుస్తకాలు వేరుగా అచ్చువేయాలి, ప్రశ్నపత్రం వేరుగా తయారుచేయాలి, ఉపాధ్యాయ శిక్షణ వేరుగా ఇవ్వాలి. ఈ ‘వేరుగా’ అన్న మాటకు ఏ బడ్జెట్‌లో ఏ అంకె ఉందో నేనైతే చూడలేదు. పిల్లలు తక్కువ కాబట్టి తలసరి ఖర్చు ఎక్కువవుతోంది, ఎందుకీ సెక్షన్ అని అడగడం మాత్రం సమీక్షా సమావేశాల్లో చాలాసార్లు విన్నాను.

ఆ తర్వాత ఆర్థిక మాంద్యం వచ్చింది. ఇచ్చిన సొమ్ములో కోత పడింది. కూటమి ఊరుకోలేదు. 2010 నవంబరులో ‘గానన్ కేసు’ వేసింది. ఈసారి విచిటా, హచిన్సన్, కాన్సాస్ సిటీ, డాడ్జ్ సిటీ ముందు నిలిచాయి. 2014లో ఒక తీర్పు, ఆ తర్వాత వరసగా మరికొన్ని. 2018లో అయిదేళ్లలో 52.5 కోట్ల డాలర్ల పథకం. ధరల పెరుగుదల లెక్కలోకి తీసుకోలేదని కోర్టు తిప్పికొడితే, 2019లో ఏటా సుమారు 9 కోట్లు అదనంగా. ఆ ఏడాది జూన్‌లో ఇక సరిపోతుందని కోర్టు అంది. అయినా ఇచ్చిన మాట నిలబెట్టుకుంటారో లేదో చూడటానికి కేసును మూసేయకుండా 2024 దాకా తన చేతిలోనే ఉంచుకుంది. మాంటోయ్ నుంచి లెక్కవేస్తే పాతికేళ్లు. ఏ ఒక్క బడి పాతికేళ్లు లాయరును భరించగలదు?

వాషింగ్టన్ రాష్ట్రంలోనూ ఇలాంటిదే జరిగింది. డిస్ట్రిక్టులు, ఉపాధ్యాయ సంఘాలు, తల్లిదండ్రుల సంఘాలు కలిసి వేసిన మెక్‌క్లియరీ కేసులో బడులు 2012లో గెలిచాయి. శాసనసభ మొరాయిస్తే 2015లో సుప్రీంకోర్టు రోజుకు లక్ష డాలర్ల జరిమానా వేసింది. 2018లో కేసు ముగిసేనాటికి ఆ జరిమానా 10 కోట్లు దాటింది.

చందా మీద చట్టం

ఇంత పోరాటం జరుగుతుంటే అవతలి పక్షం చూస్తూ ఊరుకుంటుందా? కాన్సాస్ శాసనసభ ఒక చట్టం చేసింది. రాష్ట్రం మీద నిధుల దావా వేయడానికిగానీ, అలాంటి దావాకు సాయపడటానికిగానీ డిస్ట్రిక్టులు తమ జనరల్ ఫండ్ నుంచి ఒక్క డాలరు కూడా వాడకూడదు. స్థానికంగా వేసుకునే అనుబంధ నిధి నుంచి వాడుకోవచ్చని మాత్రం మినహాయింపు ఉంచింది. కూటమి ఆ సందులోంచే బతికింది.

ఆ చట్టం వెనక వాదనను పూర్తిగా తోసిపుచ్చలేం. పిల్లల చదువుకిచ్చిన డబ్బు లాయర్ల జేబులోకి పోవడమేమిటని అడిగే పన్నుదారు తప్పు మాట్లాడటం లేదు. ఒక ఉపాధ్యాయ పోస్టు ఖాళీగా ఉన్న బడి కోర్టు చందా కట్టిందంటే మనమైనా ముక్కున వేలేసుకుంటాం. దీనికి జవాబు లెక్కలోనే ఉంది. ఒహాయోలో ఇప్పుడు నడుస్తున్న మరో కేసు చూడండి. ప్రైవేటు బడుల ఫీజులకు రాష్ట్రం ఇచ్చే వోచర్ల వల్ల సర్కారు బడుల నిధులు కరిగిపోతున్నాయని 2022 జనవరిలో డిస్ట్రిక్టులు దావా వేశాయి. రెండు వందలకు పైగా డిస్ట్రిక్టులు వెనక నిలిచాయి. చందా పిల్లవాడికి రెండు డాలర్లు. 800 మంది పిల్లలున్న పల్లె డిస్ట్రిక్టుకు 1,600 డాలర్లు. 45 వేల మంది ఉన్న కొలంబస్ లాంటి పెద్ద నగరానికి 90 వేలు. ఒక ఉపాధ్యాయుడి ఏడాది జీతంలో పల్లె బడి కట్టేది పిసరంత. పెద్దవాడు పెద్ద మొత్తం కడతాడు, చిన్నవాడు చిన్న మొత్తం కడతాడు, బోర్డు బహిరంగ సమావేశంలో తీర్మానం చేసి మరీ కడుతుంది. ఊళ్లోవాళ్లకు నచ్చకపోతే వచ్చే ఎన్నికల్లో ఆ బోర్డునే మార్చేస్తారు. లెక్క గుట్టుగా ఉండదు. 2025 జూన్ 24న కింది కోర్టు డిస్ట్రిక్టుల పక్షాన తీర్పు ఇచ్చింది. అప్పీలు తేలేదాకా అమలు ఆపింది. అంటే ఇంకా చాలా చందాలు కట్టాలి.

ఓడిన కేసులూ చెప్పుకోవాలి, లేకపోతే ఇది ప్రకటన అవుతుంది. కాలిఫోర్నియాలో స్కూలు బోర్డుల సంఘానికి 1992 నుంచి ‘ఎడ్యుకేషన్ లీగల్ అలయన్స్’ అనే విభాగం ఉంది. ఒక కేసు కోసం పుట్టిన కూటమి కాదది, శాశ్వత ఏర్పాటు. సభ్య డిస్ట్రిక్టులు విడిగా చందా కడతాయి. ఏ కేసు ఒక్క బడికే కాక రాష్ట్రంలోని అన్ని బడులకూ సంబంధించిందో చూసి అందులోకి దిగుతుంది. చాలాసార్లు కక్షిదారుగా కాకుండా, మూడో పక్షంగా కోర్టుకు తన అభిప్రాయం రాసిచ్చి ఊరుకుంటుంది. తక్కువ ఖర్చులో ఎక్కువ పని. అంత అనుభవమున్న ఆ బోర్డుల సంఘమే కొన్ని డిస్ట్రిక్టులతో, విద్యార్థులతో కలిసి 2010లో వేసిన పెద్ద నిధుల కేసులో ఓడిపోయింది. చదువుకు ఇంత నాణ్యత, ఇంత ఖర్చు అని రాష్ట్ర రాజ్యాంగం చెప్పలేదని 2016లో అప్పీలు కోర్టు అంది. 4–3 తేడాతో రాష్ట్ర సుప్రీంకోర్టు కేసు వినడానికే నిరాకరించింది. ఆరేళ్ల ఖర్చు, చేతికి ఏమీ రాలేదు.

నిధి ఎవరి మీద?

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన సంగతి మరొకటి. ఉమ్మడి నిధి ఎప్పుడూ ప్రభుత్వం మీదే వాడతారన్న హామీ లేదు. కొలరాడోలో ఆటిజం ఉన్న ఒక పిల్లవాడి తల్లిదండ్రులు తమ బిడ్డకు డిస్ట్రిక్టు ఇచ్చిన చదువు నామమాత్రంగా ఉందని దేశ సుప్రీంకోర్టుకు వెళ్లారు. స్కూలు బోర్డుల జాతీయ సంఘం అక్కడ డిస్ట్రిక్టు పక్షాన వాదన రాసిచ్చింది. 2017లో కోర్టు ఏకగ్రీవంగా పిల్లవాడి పక్షాన తీర్పు చెప్పింది. ఖర్చు భారం గురించి డిస్ట్రిక్టుల భయం నిజమే కావచ్చు. అయినా బళ్లన్నీ ఒకవైపు, ఒక పిల్లవాడు ఒకవైపు నిలిచిన బొమ్మ నాకు నచ్చలేదు.

భాష విషయంలోనూ ఇలాగే జరిగింది. శాన్ ఫ్రాన్సిస్కోలో ఇంగ్లిష్ రాని సుమారు 1,800 మంది చైనీస్ పిల్లలకు భాష నేర్పే ఏర్పాటేమీ లేకుండా తరగతిలో కూర్చోబెట్టారు. అందరికీ ఒకే పుస్తకం, ఒకే పాఠం ఇచ్చాం కాబట్టి సమానమే కదా అని వాదన. 1974లో ‘లావ్ కేసు’లో దేశ సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. అర్థంకాని భాషలో ఒకే పుస్తకం ఇవ్వడం సమానత్వం కాదంది. ఆ కేసులో ప్రతివాది ఎవరనుకున్నారు? స్కూల్ డిస్ట్రిక్టే. పిల్లల తరఫున నిలిచినవాళ్లు పేదలకు ఉచితంగా వాదించే న్యాయసహాయ సంస్థ లాయర్లు. కాబట్టి బడుల చందా నిధి ఒక్కటే చాలదు, పిల్లల పక్షాన వేరే తలుపు కూడా ఉండాలి.

మన వాయిదాలు

ఇక మన సంగతి. మన సర్కారు బడికి సొంత పేరు మీద దావా వేసే హోదా లేదు. ప్రధానోపాధ్యాయుడు ప్రభుత్వ ఉద్యోగి. కాబట్టి అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. అయితే ఎయిడెడ్ బడులు నడిపే సొసైటీలకు, ట్రస్టులకు, తల్లిదండ్రులకు, భాషా సంఘాలకు ఆ హోదా ఉంది. రాజ్యాంగం 30వ అధికరణం భాషా అల్పసంఖ్యాకులకు సొంత విద్యాసంస్థలు నడుపుకునే హక్కు ఇచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు తగిన ఏర్పాట్లు చేయాలని 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. 1956లో చేర్చిన అధికరణం అది. వాక్యం ఉంది. ఒహాయోవాళ్లకు కూడా ఉన్నది వాక్యమే.

తమిళనాడులో మనవాళ్లు ఈ దారిలో నడిచారు. 2006 చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి ఏటా ఒక తరగతి చొప్పున తప్పనిసరి అవుతూ, 2015–16లో పదో తరగతికి చేరింది. తెలుగు, కన్నడం, మలయాళం, ఉర్దూ పిల్లల తరఫున భాషా అల్పసంఖ్యాకుల వేదిక మద్రాసు హైకోర్టుకు, అక్కడి నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ ఏడాది పరీక్ష వరకు మినహాయింపు పొడిగించింది. ఒక ఏడాదికి. పరీక్ష ఫీజు కట్టే వేళకు ఏ పేపరు రాయాలో తెలియక పిల్లలు మా మొహాలు చూసేవారు. రాష్ట్ర భాష నేర్చుకోవద్దని మనమెవరం అనడం లేదు. మన పిల్లలు బజారులో తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ చక్కగా మాట్లాడతారు. మాతృభాష పేపరు పోకూడదన్నదే గొడవ. ఏటికేడాది ఊపిరి బిగబట్టుకుని బతికే కేసును నడపాలంటే ఏటికేడాది డబ్బు కావాలి. వాయిదా దగ్గరపడ్డాక నలుగురి దగ్గర చేయి చాచి, రైలు టికెట్లకు ఒకరు, లాయరుకు ఒకరు అని సర్దుకోవడం నిధి అనిపించుకోదు.

కర్ణాటక నుంచి వచ్చిన మరో తీర్పు దీన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. ప్రాథమిక తరగతుల్లో మాతృభాష లేదా కన్నడ మాధ్యమమే ఉండాలన్న 1994 నాటి ప్రభుత్వ ఉత్తర్వు మీద పాఠశాలల యాజమాన్యాల సంఘం పోరాడింది. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సంఘం పక్షాన తీర్పు చెప్పింది. ఇరవై ఏళ్లు నిలబడి గెలిచింది ఇంగ్లిష్ మీడియం యాజమాన్యాల సంఘం. ఆ తీర్పు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. మాధ్యమం ఎంచుకునే హక్కు భాషా అల్పసంఖ్యాకులకూ ఉందని అదే తీర్పు చెప్పింది, మనకు పనికొచ్చేదే. నేను చూసేది ఒక్కటే. కలిసికట్టుగా ఖర్చు భరించగలిగినవాళ్ల వాదన ఢిల్లీ దాకా వెళ్లింది. కోలారులోనో బళ్లారిలోనో నలభై మంది పిల్లలున్న తెలుగు బడి వాదన జిల్లా కేంద్రం దాటదు.

అయిదు రాష్ట్రాల తెలుగు బడులకు ఒకే నిధి అంటే వినడానికి బాగుంటుంది కానీ నాకు అంత నమ్మకం లేదు. ఎవరు అల్పసంఖ్యాకులో రాష్ట్రం వారీగా చూడాలని 2002లో టీఎంఏ పాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా ఒక్కో రాష్ట్రం చట్టం ఒక్కోలా ఉంది. గంజాం జిల్లా బడి సమస్యా, షోలాపూరు బడి సమస్యా ఒకటి కావు. రాష్ట్రం వారీ నిధి, ఉమ్మడి కాగితాల గది అయితే నడుస్తుంది. కృష్ణగిరి కేసులో వేసిన పిటిషన్ నకలు బళ్లారి లాయరుకు దొరికితే సగం ఖర్చు మిగులుతుంది. చందా మాత్రం పిల్లల దగ్గర వసూలు చేయకూడదు. కూలికి పోయే ఇళ్ల పిల్లలు వాళ్లు. పూర్వ విద్యార్థులు ఉన్నారు, రిటైరైన మాస్టార్లు ఉన్నారు, ఉగాదికి పెద్ద వేదికలు కట్టే సంఘాలు ఉన్నాయి. ఒక వేదిక ఖర్చుతో ఒక ఏడాది వాయిదాలు గడుస్తాయి. తెలుగు బడిలో చదివి వెళ్లినవాళ్లు తలకు వంద రూపాయలిచ్చినా, వెయ్యి మంది అంటే లక్ష. నిధి దేనికి వాడాలో, దేనికి వాడకూడదో ముందే రాసిపెట్టుకోవాలి. ఏ పిల్లవాడి మీదా, ఏ తల్లిదండ్రి మీదా వాడరాదన్నది అందులో మొదటి వాక్యంగా ఉండాలని నా కోరిక.

నిధి లేనిచోట కూడా ఒక తలుపు తెరిచే ఉంది, చాలామందికి తెలియదు. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం పిల్లలకు, స్త్రీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం అందుతుంది. జిల్లా కోర్టు ఆవరణలోనే ఆ కార్యాలయం ఉంటుంది. ఒక తల్లి వెళ్లి అర్జీ పెట్టుకోవచ్చు.

ఏ తలుపు తట్టినా లాయరు మొదట అడిగేది కాగితాలే. ఖాళీ పోస్టు ఎన్నాళ్లుగా ఖాళీ? ఎన్ని అర్జీలు పెట్టారు, రసీదు ఉందా? తెలుగు పుస్తకాలు ఏ తేదీన వచ్చాయి, పక్క సెక్షన్ పుస్తకాలు ఏ తేదీన వచ్చాయి? మనం ఇవి నోటితో చెబుతాం, కాగితం మీద చూపించలేం. మా బడిలో ఈ జూన్ నుంచి ఇందుకోసం ఒక పొడుగాటి నోటుపుస్తకం పెట్టాం. ఎడమవైపు విషయం, మధ్యలో తేదీ, కుడివైపు ఇద్దరు ఉపాధ్యాయుల సంతకాలు. మొదటి పద్దు ఏడో తరగతి సాంఘిక శాస్త్రం తెలుగు పుస్తకం గురించి. దాని ఎదుట తేదీ గడి ఇంకా ఖాళీగానే ఉంది.